మిల్లు పడుకున్నాక తిరిగే మీటరు

నేను ఇంజనీరును కాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా కొందరు వ్యాపారులకు లెక్కలు రాస్తున్నాను. కాశీనగరం దారిలో ఒక బియ్యం మిల్లు, బరంపురంలో ఒక లాడ్జి, గంజాం తీరంలో ఒక ఐసు ఫ్యాక్టరీ, మా ఊళ్లోనే రెండు దుకాణాలు. వీళ్లందరి కరెంటు బిల్లులు నెలకోసారి నా బల్ల మీదికి వస్తాయి. యజమానులు బిల్లులో చివరి అంకె ఒక్కటే చూస్తారు. మిగతావన్నీ చూడటం నా వంతు. ఆ చివరి అంకె ఎందుకు పెరిగిందని వాళ్లు నిలదీసేది నన్నే కదా.

కొన్నేళ్లుగా ఈ బిల్లులతోపాటు మరో సరుకు కూడా నా బల్ల మీదికి వస్తోంది. మోటార్లకు సెన్సార్లు, సెన్సార్లకు సిమ్ము, సిమ్ముకు సర్వరు, సర్వరు నుంచి యజమాని ఫోనుకు రంగురంగుల గీతలు. అమ్మడానికి వచ్చేవాళ్లలో సగం మంది విశాఖపట్నం నుంచి, సగం మంది భువనేశ్వర్ నుంచి. ఒకరు తెలుగులో చెబుతారు, ఒకరు హిందీలో చెబుతారు. చెప్పేది మాత్రం ఒకటే: బిగించిన రోజు నుంచి కరెంటు ఆదా.

ఆదా అబద్ధమని నేను అనను. నా చేతి లెక్కల్లోనే కనిపించింది. ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గరే అమ్మేవాళ్లకూ నాకూ పేచీ. వస్తువుల్ని ఇంటర్నెట్‌కు కలిపితే కరెంటు తగ్గదు. వృథా అవుతున్న చోటు, వృథా అవుతున్న గంటలో, స్విచ్చు పక్కన నిలబడిన మనిషికి తెలిసి, దాన్ని ఆపే హక్కు కూడా అతనికి ఉంటే తగ్గుతుంది. ఈ వాక్యంలో ఇంటర్నెట్ చేసేది సగం పనే. మిగతా సగాన్ని ఎవరూ అమ్మడం లేదు.

మిల్లు సంగతి చెబుతాను, అసలు కథంతా అక్కడే ఉంది.

అది ఉప్పుడు బియ్యం ఆడే మిల్లు. బాయిలరు, డ్రయ్యరు, ధాన్యం పైకెత్తే ఎలివేటర్లు, పాలిషరు, చివర్లో నల్లగింజల్ని ఏరే సార్టెక్సు యంత్రం. కెమెరా కంటికి నల్లగింజ పడగానే గాలి ఊది పక్కకు తోసేయడం సార్టెక్సు పని. ఆ గాలి కోసం వెనక గదిలో 22 కిలోవాట్ల కంప్రెసర్ ఉంది. సెన్సార్ల వాళ్లు వచ్చి పెద్ద మోటార్లన్నిటి తీగలకూ గాజుల్లాంటి చిన్న ఉంగరాలు తొడిగారు. తీగను కోయనక్కరలేదు, అందులో పారే కరెంటును ఉంగరం బయటినుంచే కొలుస్తుంది. నిమిషానికో అంకె చొప్పున గోడ మీది పెట్టెకు, అక్కడి నుంచి మొబైల్ నెట్‌వర్క్ మీద ఎక్కడో ఉన్న కంప్యూటరుకు చేరుతుంది. పరికరాల్లో గొప్ప మాయ ఏమీ లేదు.

మాయ అనిపించింది మొదటి వారం గీత చూసినప్పుడు. రాత్రి తొమ్మిదింటికి మిల్లు ఆపేస్తారు, పొద్దున ఆరింటికి మొదలుపెడతారు. మధ్యలో గీత నేలను తాకాలి కదా! తాకలేదు. రాత్రంతా రంపపు పళ్లలా రెండు నిమిషాలు పైకి, నాలుగు నిమిషాలు కిందికి, మళ్లీ రెండు నిమిషాలు పైకి. ఊరంతా నిద్రపోతుంటే మిల్లులో ఏదో ఊపిరి పీలుస్తున్నట్టు ఉంది. అది కంప్రెసరే. సార్టెక్సు ఆగిపోయింది, గాలి అడిగేవాళ్లు లేరు, అయినా గాలి ఎక్కడికో పోతోంది.

ఈ లెక్క ఎవరైనా చేసుకోవచ్చు, అందుకే వివరంగా రాస్తున్నాను. గాలి వాడే యంత్రాలన్నీ ఆగి ఉన్నప్పుడు కంప్రెసర్ ఎంతసేపు లోడు మీద ఉంది (అంటే గాలిని నొక్కుతూ ఉంది), ఎంతసేపు ఖాళీగా తిరిగింది అని గడియారం పెట్టి చూడండి. ఆరు నిమిషాల్లో రెండు నిమిషాలు లోడు మీద ఉంటే, కంప్రెసర్ చేయగల గాలిలో మూడో వంతు చిల్లుల్లోంచి పోతోందని అర్థం. సరిగ్గా చూసుకోని ఫ్యాక్టరీల్లో ఇరవై, ముప్ఫై శాతం గాలి ఇలా కారిపోవడం మామూలేనని ఈ రంగంలో అందరికీ తెలుసు. మాది ఆ మామూలు కన్నా కాస్త ముందుంది. లోడు మీద 22 కిలోవాట్లు, ఖాళీగా తిరిగేటప్పుడు దాదాపు 7 కిలోవాట్లు. ఆరు నిమిషాలకు సగటు తీస్తే 12. రాత్రికి తొమ్మిది గంటలంటే 108 యూనిట్లు. మిల్లు ఏడాదికి 250 రాత్రులు అలా వదిలేసి ఉంటుంది, అంటే 27,000 యూనిట్లు. చేతి లెక్కకు యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 1,62,000 రూపాయలు. ఒక్క బియ్యపు గింజను కూడా ఏరకుండా ఖర్చయిన సొమ్ము ఇది.

యజమాని నన్ను వెంటబెట్టుకుని కంప్రెసర్ గదికి వెళ్లారు. ఫిట్టరును పిలిచి ఫోనులో గీత చూపించారు. ఆయన ఫోను వైపు సరిగా చూడను కూడా లేదు. "అక్కడ పైపు బుస్సుమంటోంది బాబూ. మూడేళ్లయింది. సార్టెక్సు దగ్గర ఇంకో రెండు చోట్ల కూడా ఉంది" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను బాబూ. సీజను అయ్యాక చూద్దామన్నారు."

నేను నేల వైపు చూశాను. ఆ సీజను అయ్యాక కొత్త పైపులకు డబ్బు అడిగితే, ఈ ఏడాది వద్దని యజమానికి సలహా ఇచ్చింది నేనే.

ఆ గదిలో నాకు అర్థమైనది ఇప్పటికీ నన్ను వదల్లేదు. సెన్సారు కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఫిట్టరు చెవికి మూడేళ్ల ముందే తెలిసిన సంగతిని రూపాయల్లోకి మార్చి యజమానికి చూపించింది, అంతే. పైపు బుస్సుమంటోందని ఫిట్టరు అంటే అది ఫిర్యాదు. అదే మాట గీతగా ఫోనులో కనిపిస్తే అది సమాచారం. పనివాడి చెవికి లేని పరపతి ఆ ఉంగరానికి ఎలా వచ్చిందన్నది సాంకేతిక ప్రశ్న కాదు.

చిల్లుల మాట అలా ఉంచండి. రాత్రి కంప్రెసర్‌ను అసలు ఎందుకు ఆపరు? ఈ ప్రశ్న నేనే అడిగాను. ఫిట్టరు కాసేపు యజమాని ముఖంలోకి చూసి, ఆయన నవ్వాక చెప్పాడు. "ఆపితే, పొద్దున స్టార్టు కాకపోతే నా మీదికి వస్తుంది. నడుస్తూ ఉంటే బిల్లు మీ మీదికి వస్తుంది."

వ్యాపారాల్లో విద్యుత్ వృథా గురించి నేను విన్న అతి నిజాయితీ గల మాట ఇది. ఏ సాఫ్ట్‌వేరూ ఈ ముడి విప్పలేదు. విప్పింది యజమాని నోటిమాట: "రాత్రి ఆపెయ్యి. పొద్దున మొండికేస్తే నిన్ను ఏమీ అనను." ఆ హామీ ఖరీదు సున్నా. మర్నాటి రాత్రి నుంచి గీత నేలను తాకింది. తర్వాతి ఆదివారం సబ్బునీళ్లు పట్టుకుని పైపులన్నీ వెతికి, బుడగలు వచ్చిన చోటల్లా బిగించారు. చిల్లులు పూడ్చాక అంత ఒత్తిడి అవసరం లేదని తేలి, సెట్టింగును ఒక బారు (ఇది గాలి ఒత్తిడి కొలత) తగ్గించారు. ఒక బారు తగ్గితే కంప్రెసర్ వాడకం ఆరేడు శాతం తగ్గుతుంది. అంతకుముందు చిల్లుల నష్టాన్ని కప్పిపుచ్చడానికే ఎప్పుడో ఎవరో ఆ ఒత్తిడి పెంచి ఉంటారు.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకున్నాం. నాలుగు నెలల తర్వాత గీత మళ్లీ పళ్లు బయటపెట్టింది. కంప్రెసర్ మళ్లీ రాత్రంతా నడుస్తోంది, పైగా కొత్త చిల్లు. ఈసారి యంత్రం దాన్ని పట్టుకుని, కంప్రెసర్ లోడు తీరు అసాధారణంగా ఉందని ఇంగ్లీషులో హెచ్చరిక కూడా పంపింది. ఎవరికి? యజమాని ఫోనుకు. పిల్లల చదువుల కోసం ఆయన విశాఖపట్నంలో కాపురం పెట్టారు. రోజుకు అలాంటి హెచ్చరికలు నలభై వస్తుంటే విసిగి, ఆ యాప్ నోరు మూయించేశారు. పదిహేడు రోజులు హెచ్చరిక వెళుతూనే ఉంది, గాలి పోతూనే ఉంది.

అయితే ఆ హెచ్చరికను ఫిట్టరు ఫోనుకే పంపించమని నేనే గొప్పగా సలహా ఇచ్చాను. తెలుగులో పంపమన్నాను. కంపెనీ వాళ్లు నాలుగు వారాలు తీసుకుని తెలుగులోకి మార్చారు కూడా. ఫిట్టరు ఫోను అందుకుని, కాసేపు చూసి, నాకే తిరిగి ఇచ్చాడు. చదవలేకపోయాడు. తెలుగు మాట్లాడతాడు, కలలు కూడా తెలుగులోనే కంటాడేమో, కానీ బడిలో నేర్చుకున్న అక్షరాలు ఒడియావి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్లింది. పాతపట్నం ఇక్కడికి ఒక్క అడుగు దూరం, అది ఆంధ్రాలో ఉంది. అప్పటినుంచి మా ఇళ్లలో చాలామందికి నోటిలో తెలుగు, చేతిలో ఒడియా. మిల్లులో బాయిలరు చూసే మనిషి పాతపట్నం వైపు వాడు, తెలుగు చదువుతాడు. సహాయకుడు కొండ మీది సవర కుర్రాడు, ఇంట్లో సవర, బజారులో ఒడియా. ఒక్క కప్పు కింద ముగ్గురు మనుషులు, మూడు లెక్కలు.

గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు మాది. జనం మాట్లాడే భాషలోనే పుస్తకం రాయాలని పోరాడిన మనిషి, సవరల మాట నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన మనిషి. ఆయన నడిచిన వీధుల్లో ఇవాళ యంత్రాలు పక్కనున్న మనిషికి అర్థం కాని భాషలో విశాఖపట్నానికి ఉత్తరాలు రాస్తున్నాయి. ఇది ఇంధన పొదుపు గురించిన వ్యాసమని తెలుసు, భాష గురించి ఇంత గోల ఎందుకని మీకు అనిపించవచ్చు. పదిహేడు రాత్రుల గాలి ఖరీదు కట్టి చూసుకోండి.

పరిష్కారం చెప్పింది బాయిలరు మనిషి. "అంత రాత ఎందుకండీ, ఒక ఎర్ర దీపం పెట్టించండి" అన్నాడు. గోడ మీది పెట్టెలో ఒక రిలే, అంటే పెట్టె తానే వేసి తీసే స్విచ్చు, ఖాళీగానే ఉంది. మిల్లు ఆగాక కంప్రెసర్ లోడు మీదికి వెళ్లిందంటే గేటు దగ్గర ఎర్ర దీపం వెలిగేలా తీగ లాగారు. దీపానికి లిపి లేదు. రాత్రి కాపలా మనిషికి కూడా అర్థమవుతుంది. ఆదా నిలకడగా కనిపించడం మొదలైంది ఆ తర్వాతే. ఎక్కడో ఉన్న సర్వరు, మొబైల్ నెట్‌వర్కు, నెలవారీ చందా అన్నీ కలిసి చివరికి ఒక దీపంలోకి వచ్చి కూర్చుంటే పని జరిగింది. ఈ సంగతి నేను చెప్పినప్పుడల్లా అమ్మేవాళ్ల ముఖాలు కొద్దిగా వాడిపోతాయి.

పెద్ద పరిశ్రమలకు ఈ చిక్కు ఇంత లేదు, దానికి కారణం చట్టం. 2001 ఇంధన పరిరక్షణ చట్టం కింద, ఎక్కువ ఇంధనం వాడే సంస్థలను ప్రభుత్వం గుర్తిస్తే, అక్కడ అర్హత గల ఎనర్జీ మేనేజరు ఉండి తీరాలి. ఇంధన పొదుపు లక్ష్యం పెట్టి, దాన్ని మించి చేసిన పొదుపును అమ్ముకోనిచ్చే పాట్ పథకం 2012లో మొదలైంది, దాని తొలి దశలో సిమెంటు, ఉక్కు, అల్యూమినియం, కాగితం వంటి ఎనిమిది రంగాల్లో 478 సంస్థలకు లక్ష్యాలు పెట్టారు. అంటే అక్కడ సెన్సారు పంపిన అంకెను అందుకోవడానికి జీతం తీసుకునే మనిషి ఒకడు కుర్చీలో ఉంటాడు. మా వైపు బియ్యం మిల్లుల్లో, జీడిపప్పు బట్టీల్లో, ఐసు ఫ్యాక్టరీల్లో ఆ కుర్చీ లేదు. ఫిట్టరే ఎనర్జీ మేనేజరు, ఆ సంగతి అతనికీ తెలియదు, యజమానికీ తెలియదు. పెద్దవాళ్ల కోసం తయారైన వ్యవస్థను ముక్కలు చేసి చిన్నవాళ్లకు అమ్ముతున్నారు. ఆ ముక్కల్లో మనిషి ముక్క ఒకటి జారిపోయింది.

మనిషిని పూర్తిగా తప్పించేద్దాం, యంత్రమే చూసి యంత్రమే ఆపేస్తుంది కదా అనే వాదం కూడా విన్నాను. బరంపురం లాడ్జిలో ఆ ముచ్చటా తీరింది. అక్కడ ముందు తాళంచెవి కార్డు పద్ధతి ఉండేది. గోడ మీది గాడిలో కార్డు పెడితేనే గదికి కరెంటు. అతిథులు అందులో విజిటింగ్ కార్డు దూర్చి ఏసీ నడుస్తుండగానే ఊరు చూడటానికి వెళ్లేవారు. దాంతో గదిలో మనిషి కదలికను పసిగట్టే సెన్సార్లు పెట్టించారు. కదలిక లేకపోతే ఏసీ దానంతట అదే ఆగిపోతుంది. మరి మనిషి నిద్రపోతే? గోపాల్‌పూర్ సముద్రం చూసి అలసిపోయి వచ్చి శవంలా పడుకున్న అతిథిని సెన్సారు ఖాళీ గదిగా లెక్కగట్టింది. అర్ధరాత్రి రెండింటికి చెమటతో లేచి కౌంటరు దగ్గరికి వచ్చేవారు. రెండో వారానికి గదులు శుభ్రం చేసే కుర్రాడు ప్రతి సెన్సారు మీదా పలుచటి కాగితం అంటించి దాన్ని మోసం చేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ కుర్రాడిని నేను తప్పుపట్టలేను, తిట్లు తినేది అతను.

అదే లాడ్జిలో నిజంగా పనిచేసినది చాలా చప్పటి విషయం. రిమోటు నొక్కకుండానే ఏసీ 24 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. 2020 జనవరి నుంచి తయారయ్యే గది ఏసీలకు ఆ నిబంధన ఉంది. ఒక డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ, అదే బీఈఈ, చెబుతుంది. పాత ఏసీలు మార్చినప్పుడు ఈ మిగులు దానంతట అదే వచ్చింది. ఇంటర్నెట్ లేదు, యాప్ లేదు, మనిషి బద్ధకాన్ని మంచి వైపు తిప్పారు అంతే.

ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ. ఇక్కడ నేను నా వృత్తి వాళ్లతోనే పోట్లాడాలి. కరెంటు ఆదాకూ బిల్లు ఆదాకూ తేడా తెలియకుండా రెండిటినీ ఒకే ఖాతాలో రాసేస్తున్నాం.

ఆ ఐసు సముద్రం మీదికి వెళ్లే పడవలకు. గంజాం తీరంలో వేటకు వెళ్లేవాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువ, తెల్లవారుజామున ఐసు దిమ్మలు వాళ్లకు సిద్ధంగా ఉండాలి. అందుకని ఫ్యాక్టరీ వాళ్లు రాత్రిళ్లే ఎక్కువగా నడిపేవారు. రోజులో ఏ గంటకు ఆ గంట ధర అనే పద్ధతిని కేంద్రం 2023లో నిబంధనల్లో పెట్టింది. 10 కిలోవాట్లు దాటిన వ్యాపారాలకు, పరిశ్రమలకు 2024 ఏప్రిల్ నుంచి, ఎండ కాసే గంటల్లో మామూలు ధర కన్నా కనీసం 20 శాతం తక్కువ, గిరాకీ గంటల్లో కనీసం 20 శాతం ఎక్కువ అన్నది దాని సారాంశం. ప్రతి రాష్ట్రంలో నియంత్రణ మండలి దాన్ని తన లెక్కలో అమలు చేస్తుంది. గంటల వారీగా లెక్క పెట్టే మీటరు లేకపోతే ఇది జరగదు, నెలకోసారి చూసే పాత మీటరుకు గంటలు తెలియవు.

ఐసు ఫ్యాక్టరీకి ఇది వరం లాంటిది, చలిని దాచుకునే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. మధ్యాహ్నం ఉప్పునీటి తొట్టిని బాగా చల్లబరిచి, సాయంత్రం గిరాకీ గంటల్లో యంత్రాన్ని కాస్త విశ్రాంతిగా ఉంచవచ్చు. గంటగంట ధర తెలిసిన కంప్యూటరు ఈ నిర్ణయాన్ని మనకన్నా బాగా తీసుకుంటుంది. కానీ గమనించండి, మే నెల మధ్యాహ్నం బయటి గాలి ఎంత వేడిగా ఉంటుందో. ఐసు యంత్రంలో చలిని పుట్టించే అమ్మోనియా ఆవిరి తన వేడిని ఆ గాలిలోకే వదలాలి. వేడి వదిలే వైపు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కంప్రెసర్ రెండు మూడు శాతం ఎక్కువ కరెంటు తాగుతుంది. రాత్రి చల్లగా ఉన్నప్పుడు చేసిన టన్ను ఐసుకన్నా మధ్యాహ్నం చేసిన టన్నుకు యూనిట్లు ఎక్కువ ఖర్చవుతాయి. బిల్లు తగ్గింది, వాడకం పెరిగింది. డాష్‌బోర్డు మాత్రం పచ్చరంగులో సామర్థ్యం మెరుగైందని చూపించింది.

ఇది మోసం అనుకోనక్కరలేదు. మధ్యాహ్నం సౌర విద్యుత్ పుష్కలంగా ఉన్నప్పుడు ఎక్కువ వాడి, సాయంత్రం బొగ్గు మీద ఒత్తిడి తగ్గించడం దేశానికి మంచిదే కావచ్చు. నా పట్టుదల ఒక్కటే, రెండు ఖాతాలు విడిగా రాయాలి. కెపాసిటర్ పాడైతే పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికి వచ్చే వంతు) పడిపోయిందని సెన్సారు చెప్పడం, బాగుచేస్తే బిల్లు తగ్గడం కూడా చాలామటుకు బిల్లు ఖాతాలోకే వస్తుంది. మోటార్లను ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెడితే గరిష్ఠ డిమాండ్ (నెలలో ఒక్కసారిగా లాగిన అత్యధిక కరెంటు) బాగా తగ్గుతుందని చెప్పి ఒకాయన ప్రత్యేకంగా ఓ పెట్టె అమ్మబోయాడు. మోటారు లేచేటప్పటి ఉరుకు కొన్ని క్షణాలే. డిమాండ్ మీటరు 15 నిమిషాలో 30 నిమిషాలో సగటు తీస్తుంది. ఆ క్షణాలు సగటులో ఉప్పురాయంత కూడా ఉండవు. ఇంత చిన్న కూడిక చేయకుండా ఎన్ని పెట్టెలు అమ్ముడుపోయాయో!

పెట్టెల మాట వచ్చింది కాబట్టి ఒక గాయం కూడా చెప్పేస్తాను. మా ఊళ్లో ఒక దుకాణానికి ఇలాంటి వ్యవస్థ పెట్టించి రెండేళ్ల చందా ముందే కట్టించాను. పద్నాలుగో నెలలో ఆ కంపెనీ దుకాణం సర్దేసింది. పెట్టె బాగానే ఉంది, ఉంగరాలు బాగానే ఉన్నాయి, కొలుస్తూనే ఉన్నాయి, కానీ అంకె వెళ్లాల్సిన ఇల్లు లేదు. మన తీగలో పారిన మన కరెంటు లెక్క మనకే కనిపించకుండా పోయింది. అప్పటినుంచి ఎవరు వచ్చినా నా మొదటి ప్రశ్న, మీ సర్వరు ఆగిపోయినా ఈ పెట్టె మా గోడ మీదే అంకె చూపిస్తుందా అని. సగం మంది టీ తాగకుండానే వెళ్లిపోతారు.

ఈ పరికరాలు తినే తిండి గురించి కూడా ఎవరూ మాట్లాడరు. మిల్లులో గోడ మీది పెట్టె ఐదు వాట్లు. ఏడాదికి 44 యూనిట్లు, పట్టించుకోనక్కరలేదు. కానీ యజమాని గదిలో ఆదా గీతలు చూపించడానికి ఒక పెద్ద టీవీ పెట్టారు. అరవై వాట్లు, రాత్రింబవళ్లు వెలుగుతుంది, గదిలో ఎవరూ ఉండరు. ఏడాదికి 525 యూనిట్లు. ఆదాను ప్రదర్శించడానికి అయ్యే వృథా అన్నమాట. దాన్ని ఆపించడానికి నాకు కంప్రెసర్ కన్నా ఎక్కువ కాలం పట్టింది. నవ్వులాటగా అనిపించినా ప్రపంచం లెక్క కూడా ఇలాగే ఉంది. 2013లో ప్రపంచంలో నెట్‌కు కలిసి ఉన్న 1,400 కోట్ల పరికరాలు అనవసరంగా తిన్న కరెంటు విలువ 8,000 కోట్ల డాలర్లని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2014లో లెక్కగట్టింది. అదే సంస్థ ప్రకారం 2024లో డేటా సెంటర్లు వాడిన కరెంటు దాదాపు 415 టెరావాట్ అవర్లు, అంటే 41,500 కోట్ల యూనిట్లు, ప్రపంచ వాడకంలో ఒకటిన్నర శాతం. మా మిల్లు గీతకు అందులో వాటా ఆవగింజలో అరభాగం కూడా ఉండదు, కంప్రెసర్ మిగిల్చినదాని ముందు అది లెక్కలోకి రాదు. అందుకే నేను ఈ పరికరాలకు వ్యతిరేకిని కాను. 27,000 యూనిట్లు మిగిల్చినదాన్ని కాదనేంత మొండితనం నాకు లేదు.

నా అసలు అసంతృప్తి వేరే ఉంది. ఉప్పుడు బియ్యం మిల్లులో కరెంటు చిన్న వంటకం, పెద్ద వంటకం వేడి. క్వింటాలు ధాన్యానికి ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. కిలో ఊకలో దాదాపు 3,000 కిలోక్యాలరీలు, అంటే మూడున్నర యూనిట్ల వేడి. ఒక్క క్వింటాలు ధాన్యం తన వెంట 70 యూనిట్ల వేడిని తెచ్చుకుంటుంది. అందులో చాలాభాగం బాయిలరులోకి వెళుతుంది, ఎంత పొగగొట్టంలోంచి పోతోందో, ఎంత ఆవిరి పైపుల్లోంచి కారుతోందో చెప్పే ఉంగరం ఒక్కటి కూడా లేదు. ఎందుకంటే ఊకకు బిల్లు రాదు. బిల్లు వచ్చేదాన్నే కొలుస్తున్నాం. పూర్వం ఊకను ఎవరైనా తీసుకుపోతే చాలనుకునేవాళ్లం. ఇప్పుడు ఇటుక బట్టీల వాళ్లు, ఇతర బాయిలర్ల వాళ్లు డబ్బిచ్చి కొంటున్నారు. అయినా పుస్తకాల్లో ఊక ఖర్చు గడిలో నేను ఇప్పటికీ సున్నాయే రాస్తున్నాను. ఆ సున్నా నా తప్పు, సెన్సారు తప్పు కాదు.

కిందటి నెల ఏడాది లెక్కలు ముగించడానికి మిల్లుకు వెళ్లాను. రాత్రి తొమ్మిదిన్నర అయింది. గేటు దగ్గర ఎర్ర దీపం వెలిగింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. సవర కుర్రాడు చెంబుతో సబ్బునీళ్లు పట్టుకుని సార్టెక్సు వెనక్కి వెళ్లాడు. కాసేపటికి దీపం ఆరింది. ఫిట్టరు నా పక్కన నిలబడి బాయిలరు పొగగొట్టం వైపు చూస్తూ అడిగాడు.

"పొగ ఎంత వేడిగా పోతోందో చెప్పడానికి కూడా ఇలాంటి దీపం ఒకటి పెట్టవచ్చా, లెక్కల బాబూ?"

పెట్టవచ్చన్నాను. గొట్టంలో ఉష్ణోగ్రత కొలిచే కడ్డీ ఒకటి, తీగ, మరో రిలే. పది, పన్నెండు వేల లోపే అవుతుంది. యజమానిని అడగమన్నాను.

"మీరు అడగండి" అన్నాడు. "మీరు అడిగితే ఇస్తారు."